బెర్ముడా తీరం తిరగడం ఎలా: పొద్దున్నే గాలి చూడండి, తర్వాతే బస్సెక్కండి

బెర్ముడా కరీబియన్‌లో ఉందనుకుని జనవరిలో ఈత బట్టలు సర్దుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది కరీబియన్‌కు చాలా పైన, అట్లాంటిక్ మధ్యలో, 32 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఒంటరిగా ఉంటుంది. అన్నిటికన్నా దగ్గరి నేల నార్త్ కరోలినాలోని కేప్ హాటరస్, అదీ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చటి నీటిని అటు మోసుకొస్తుంది కాబట్టే ఇంత ఉత్తరాన కూడా పగడపు దిబ్బలు బతుకుతున్నాయి. మొత్తం నేల 53 చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న దీవిలో ఏ ఒడ్డుకైనా బస్సులో పోవచ్చు. కష్టమల్లా ఏ రోజు ఏ ఒడ్డుకు పోవాలో తేల్చుకోవడమే. అమెరికా తూర్పు తీరంలో ఉన్న తెలుగువాళ్ళకు ఇది లాంగ్ వీకెండ్ దూరం. న్యూయార్క్ నుంచి విమానంలో రెండు గంటలు.

1. ముందు మ్యాప్ చూడండి

దీవి ఆకారం గాలపు కొక్కెంలా ఉంటుంది. పడమటి కొసన వంపు తిరిగిన చోట రాయల్ నేవల్ డాక్‌యార్డ్, క్రూజ్ ఓడలు ఆగే చోటు. మధ్యలో రాజధాని హామిల్టన్. తూర్పు కొసన సెయింట్ జార్జ్, విమానాశ్రయం కూడా అటువైపే. నిజానికి ఇది ఒక దీవి కాదు, చిన్నాపెద్దా కలిపి నూట ఎనభైకి పైగా ఉన్నాయి. పెద్దవాటిని వంతెనలు కలుపుతాయి కాబట్టి తిరిగేవాళ్ళకు ఒకటే నేల అనిపిస్తుంది.

దక్షిణ తీరం, ఉత్తర తీరం ఒకదానికొకటి పోలిక లేనివి. పోస్టర్ల మీద కనిపించే గులాబీ ఇసుక బీచ్‌లన్నీ దక్షిణాన ఉన్నాయి. అక్కడ పగడపు దిబ్బల వరస ఒడ్డుకు దగ్గరగా ఉంటుంది, సముద్రం నేరుగా తగులుతుంది, అలలుంటాయి. ఉత్తరాన దిబ్బల అంచు ఒడ్డుకు చాలా కిలోమీటర్ల అవతల ఉంటుంది. మధ్యలో నీళ్ళు లోతు తక్కువగా, మామూలు రోజుల్లో చెరువులో ఉన్నట్టు నిలకడగా ఉంటాయి. ఇసుక తక్కువ, సున్నపురాయి ఎక్కువ.

ఆ రాయి సంగతి ఒక ముక్క. అడుగున ఉన్నది చల్లారిపోయిన అగ్నిపర్వతం. పైన కనిపించేదంతా గాలి పోగేసిన గవ్వల ఇసుక గట్టిపడి రాయైనది. అది మెత్తటి రాయి, సముద్రం తేలిగ్గా తొలిచేస్తుంది. అందుకే ఇన్ని చిన్న చిన్న కోవ్‌లు (రాళ్ళ మధ్య ఒదిగిన బుల్లి అఖాతాలు), రాతి కమానులు, గుహలు. అంతే తేలిగ్గా కూలిపోతుంది కూడా. టక్కర్స్ టౌన్ దగ్గర పేరున్న సహజ కమానులు 2003లో ఫేబియన్ తుపానుకు పడిపోయాయి. కొండ అంచున నిలబడి సెల్ఫీ తీసుకోవాలనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

2. నెల ఎంచుకోండి

ఈతకు మే చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు బాగుంటుంది. ఆగస్టులో నీళ్ళు 28 డిగ్రీల దాకా వెచ్చబడతాయి, ఫిబ్రవరిలో 18–19కి పడిపోతాయి. తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు వరకు, అందులో ఆగస్టు చివర, సెప్టెంబరు, అక్టోబరు ఎక్కువ చూసుకోవాల్సిన రోజులు. తుపాను దీవిని తాకకపోయినా వందల కిలోమీటర్ల అవతల ఉండగానే దక్షిణ తీరంలో ఈదలేనంత అలలు లేపుతుంది. ఒక్క నెల చెప్పమంటే జూన్ చెబుతాను.

ఈత అక్కర్లేదు, నడక చాలు అనుకునేవాళ్ళకు మార్చి, ఏప్రిల్ వేరే రకంగా బాగుంటాయి. అప్పుడు ఉత్తరానికి వలస పోయే హంప్‌బ్యాక్ తిమింగలాలు దక్షిణ తీరం పక్కగా వెళ్తాయి. వెస్ట్ వేల్ బే దగ్గరి పాత కోట గట్టు మీద బైనాక్యులర్స్ పట్టుకుని ఓపిగ్గా కూర్చుంటే నీటి చిమ్ములు కనబడే అవకాశం ఉంది. పొడవాటి తెల్లతోకతో తిరిగే లాంగ్‌టెయిల్ పక్షులు కూడా ఆ రోజుల్లోనే వచ్చి రాతి సందుల్లో గూళ్ళు పెడతాయి.

ఆగస్టు మొదటి సోమవారానికి ముందు వచ్చే గురు, శుక్రవారాలు కప్ మ్యాచ్ సెలవులు. తూర్పు వైపు సెయింట్ జార్జ్‌కూ పడమటి సోమర్సెట్‌కూ మధ్య రెండు రోజుల క్రికెట్. దీవి మొత్తం స్టేడియంలోనో, బీచ్ పక్కన గుడారాల్లోనో ఉంటుంది. బస్సులు తక్కువ, దుకాణాలు మూత. ప్రశాంతంగా సముద్రం చూడాలనుకుంటే ఆ వారం మానేయండి. క్రికెట్ పిచ్చి ఉంటే మాత్రం అదే వెళ్ళాల్సిన వారం. 2007 ప్రపంచకప్‌లో మనవాళ్ళు 413 కొట్టింది ఈ దీవి జట్టు మీదే. స్లిప్‌లో గాల్లోకి ఎగిరి ఉతప్ప క్యాచ్ పట్టిన భారీ మనిషి డ్వేన్ లెవెరాక్ ఇక్కడివాడు. ఆ క్యాచ్ ప్రస్తావన తెస్తే మాట కలవని టాక్సీ డ్రైవరు ఉండడు.

3. కాగితాలు: ఇక్కడ తొందరపడొద్దు

భారత పాస్‌పోర్ట్‌తో వెళ్తే బెర్ముడా వీసా వేరే అడగదు. కానీ మీరు ఏ దేశం మీదుగా వచ్చి తిరిగి వెళ్తున్నారో (అమెరికా, కెనడా లేదా బ్రిటన్) దాని మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. అది బెర్ముడా నుంచి బయల్దేరిన తేదీ తర్వాత కనీసం 45 రోజులు చెల్లాలి. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపాలి.

మనవాళ్ళు ఇరుక్కునే చోటు ఇంకొకటుంది. హెచ్–1బీ మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తీరిపోయినవాళ్ళు, కెనడాకో మెక్సికోకో కొన్నాళ్ళు పోయి ఐ–94తో (అమెరికాలోకి వచ్చినట్టు ఉండే నమోదు) తిరిగి రావచ్చని విని ఉంటారు. హెచ్–1బీకి ఆ వెసులుబాటు ఆ రెండు దేశాలకే, బెర్ముడాకు వర్తించదు. చేతిలో ఐ–797 (హెచ్–1బీ ఆమోదపత్రం) ఒక్కటే ఉంటే చాలదు. క్రూజ్‌లో వెళ్ళినా అంతే, ఓడ న్యూజెర్సీ నుంచి బయల్దేరి న్యూజెర్సీకే వచ్చినా మీరు దేశం దాటినట్టే. టికెట్ కొనే ముందు రెండు ప్రభుత్వాల వెబ్‌సైట్లలో అప్పటి నిబంధనలు చూసుకోండి. వీసా రూల్స్ వాట్సాప్ గ్రూపులో అడిగి తేల్చుకునే విషయం కాదు.

4. బస ఎక్కడ

బీచ్‌ల కోసమే వెళ్తే వార్విక్, సౌతాంప్టన్ పారిష్‌లలో (మన మండలాల్లాంటివి) ఉండండి. బస్సు దొరకని వేళ కూడా నడిచి ఇసుకకు చేరుకోవచ్చు. హామిల్టన్‌లో ఉంటే తిండి, బస్సులు, ఫెర్రీలు సుఖం. ధరలు ఎక్కడైనా ఘాటుగానే ఉంటాయి. దాదాపు ప్రతి వస్తువూ ఓడలో రావాల్సిందే. బెర్ముడా డాలరు అమెరికా డాలరుతో సమానం, అమెరికా నోట్లు అన్నిచోట్లా తీసుకుంటారు. చిల్లర మాత్రం బెర్ముడా డబ్బుల్లో చేతికొస్తుంది, వాటిని అక్కడే ఖర్చుపెట్టేయండి, బయట ఎవరూ తీసుకోరు.

వంటగది ఉన్న గది దొరికితే వదలొద్దు. శాకాహారులకు బీచ్ పక్కన ఫ్రైస్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు, పొద్దున్నే పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకుంటే రోజు గడిచిపోతుంది. చేపలు తినేవాళ్ళయితే రైజిన్ బ్రెడ్ మధ్య వేయించిన చేప పెట్టిచ్చే శాండ్‌విచ్ తప్పకుండా తినండి. తియ్యటి రొట్టె, ఉప్పటి చేప ఏమిటని మొదట సందేహిస్తారు, రెండో ముక్కకు ఆ సందేహం ఉండదు.

నీళ్ళ విషయంలో కాస్త పొదుపు. దీవిలో ఏరు లేదు, నది లేదు. ఇళ్ళ మీద కనిపించే తెల్లటి మెట్ల కప్పులు వాన నీటిని నేల కింది ట్యాంకుల్లోకి దింపడానికే. బీచ్ నుంచి వచ్చి అరగంట షవర్ కింద నిలబడితే ఇంటివాళ్ళ ముఖం మారుతుంది.

5. బస్సు, ఫెర్రీ, స్తంభాల రంగు

పర్యాటకులకు మామూలు కారు అద్దెకివ్వరు. స్కూటర్ దొరుకుతుంది, ఇద్దరు పట్టే చిన్న ఎలక్ట్రిక్ బండ్లూ దొరుకుతాయి. డ్రైవింగ్ మనలాగే ఎడమ వైపు, వేగ పరిమితి గంటకు 35 కిలోమీటర్లు. అయినా రోడ్లు ఇరుకు, మలుపులు గుడ్డివి, రెండు పక్కలా రాతి గోడలు. హైదరాబాద్‌లో బండి నడిపినవాణ్ణి, నాకేం భయం అనుకునేవాళ్ళు అక్కడి ఆసుపత్రిలో డ్రెస్సింగ్‌కి క్యూలో కనబడతారు. వాన పడిన రోజు స్కూటర్ అసలొద్దు.

బస్సు చాలు. ఒకటి నుంచి ఏడు రోజుల దాకా పాసులున్నాయి, అదే పాసు ఫెర్రీలోనూ చెల్లుతుంది. విడిగా టికెట్ కొంటే డ్రైవరు చిల్లర ఇవ్వడు, కాబట్టి పాసే మేలు. స్టాప్‌లో గులాబీ రంగు స్తంభం ఉంటే బస్సు హామిల్టన్ వైపు వెళ్తుంది, నీలం స్తంభమైతే హామిల్టన్ నుంచి బయటికి. దక్షిణ తీరం బీచ్‌ల పక్కగా పోయేది 7వ నంబరు, హామిల్టన్‌కూ డాక్‌యార్డ్‌కూ మధ్య నడుస్తుంది. సెయింట్ జార్జ్‌కు 10, 11. పదకొండు ఉత్తర తీరం వెంబడే పోతుంది, దాన్లో ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఆ ప్రయాణమే ఒక షికారు. ఆదివారాలు బస్సులు బాగా తగ్గిపోతాయి.

రెండు మర్యాదలు. ఎక్కగానే డ్రైవరుకు గుడ్ మార్నింగ్ చెప్పాలి, దుకాణంలోనూ అంతే. పలకరించకుండా నేరుగా ప్రశ్న వేయడం అక్కడ మొరటుతనం. తడి బట్టలతో, చొక్కా లేకుండా బస్సెక్కడం, ఊళ్ళో తిరగడం కూడా బాగుండదు.

6. రోజూ పొద్దున గాలి దిక్కు చూడండి

ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. బెర్ముడా వెదర్ సర్వీస్ రోజూ గాలి, అలల అంచనా ఇస్తుంది. టీ తాగుతూ అది చూడండి. గాలి దక్షిణం నుంచో నైరుతి నుంచో గట్టిగా వీస్తోందంటే దక్షిణ తీరంలో అల పెద్దది, నీళ్ళు బురదగా ఉంటాయి. ఆ రోజు ఉత్తరానికో, తూర్పు కొసకో పోవాలి. ఉత్తరపు గాలి అయితే దీవే అడ్డు కాబట్టి దక్షిణపు కోవ్‌లు అద్దంలా ఉంటాయి, మిగతా పనులన్నీ మానుకుని అటే పొండి. ఆటుపోట్ల తేడా మీటరు అటూ ఇటూ అంతే. అయినా కొన్ని చిన్న బీచ్‌లు పోటు వేళ మాయమైపోతాయి, వెస్ట్ వేల్ బే, హాగ్ బే పార్క్ అలాంటివే. వాటికి ఆటు వేళ చూసుకుని వెళ్ళాలి.

క్రూజ్ ఓడలు వచ్చే రోజుల పట్టిక కూడా ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఓడ ఉన్న రోజు పది దాటాక హార్స్‌షూ బే, టొబాకో బే నిండిపోతాయి, మూడు దాటాక మళ్ళీ ఖాళీ అవుతాయి.

7. దక్షిణ తీరం నడక

హార్స్‌షూ బేకు పొద్దున ఎనిమిదికల్లా చేరండి. బస్సు పైన రోడ్డు మీద దింపుతుంది, కిందికి కొంత దిగాలి. అంత పొద్దున ఇసుక మీద నడకకొచ్చే స్థానికులు తప్ప ఎవరూ ఉండరు. గులాబీ రంగు ఎక్కడా అని వెతకొద్దు, మోకాళ్ళ మీద కూర్చుని తడి ఇసుక చూడండి. పగడపు దిబ్బల అడుగున అతుక్కుని పెరిగే హోమోట్రెమా రూబ్రమ్ అనే ఏకకణ జీవి పెంకులు ఎర్రగా ఉంటాయి. అలలు వాటిని విరగ్గొట్టి తెల్లటి గవ్వ పొడిలో కలుపుతాయి. అలలు వెనక్కి తగ్గిన చోట ఎర్రటి చారలుగా పోగుపడతాయి. మధ్యాహ్నపు ఎండలో ఇసుక తెల్లగానే కనిపిస్తుంది, పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో రంగు తేలుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినంత గులాబీ మాత్రం ఉండదు, అది ఫోన్ పని. సీసాలో నింపుకు రావాలన్న ఆలోచన మానుకోండి.

పిల్లలుంటే హార్స్‌షూ పడమటి చివర రాళ్ళ వెనక ఉన్న పోర్ట్ రాయల్ కోవ్‌కు తీసుకెళ్ళండి, దాన్ని బేబీ బీచ్ అంటారు. చుట్టూ రాళ్ళు, మధ్యలో నిలకడ నీళ్ళు. పెద్ద బీచ్‌లో అలలున్నా అక్కడ ఆడుకోవచ్చు.

ఓడ జనం వచ్చేసరికి మీరు తూర్పుకు నడవడం మొదలుపెట్టాలి. తిన్నెల వెనక నుంచి కాలిబాట ఉంది, రెండు కిలోమీటర్ల పైచిలుకు, సౌత్ షోర్ పార్క్ అంతా దాటుతుంది. తొందరగా నడిస్తే గంట కూడా పట్టదు, కానీ పూట మొత్తం దీనికే ఇవ్వండి. దారిలో పేరు లేని ఇసుక ముక్కలు చాలా తగులుతాయి, కొన్నింటిలో ఒక దుప్పటి పరిచేంత చోటే ఉంటుంది. చాప్లిన్ బే, స్టోన్‌హోల్ బే దాటాక జాబ్సన్స్ కోవ్. మూడు వైపులా ఎత్తైన రాయి, నాలుగో వైపు సన్నటి సందు, లోపల నడుము లోతు నీళ్ళు. ఈత రానివాళ్ళు, అంటే మనలో చాలామంది, ధైర్యంగా దిగగలిగిన చోటు ఇదే. పది మంది వచ్చినా కిక్కిరిసిపోతుంది. ఆ పక్కనే వార్విక్ లాంగ్ బే, దాదాపు ఎనిమిది వందల మీటర్ల ఎడతెగని ఇసుక. ఇసుక ముదురు రంగు ఇక్కడే బాగా కనబడుతుంది. దుకాణాల్లేవు, గొడుగులు తక్కువ, అందుకే హార్స్‌షూ కన్నా నాకు ఇదే ఇష్టం. నీడ లేదు, నీళ్ళు, తిండి మీరే తెచ్చుకోవాలి. తిరుగు బస్సు పైన రోడ్డు మీదే దొరుకుతుంది.

నీళ్ళలోకి తల పెట్టి చూడాలంటే పడమటికి వెళ్ళి చర్చ్ బేలో దిగండి. మెట్లు దిగితే చిన్న బీచ్, ఒడ్డుకు దగ్గర్లోనే దిబ్బలు. నీటి మట్టానికి గుండ్రంగా పెరిగిన వీటిని బాయిలర్లు అంటారు, అలలు విరిగినప్పుడు నీళ్ళు మరుగుతున్నట్టు కనబడతాయి కాబట్టి. వాటి చుట్టూ చిలుక చేపలు పగడం కొరుకుతూ తిరుగుతాయి. నీళ్ళలో చెవులు పెడితే ఆ కొరికే చప్పుడు వినిపిస్తుంది. అవి తిని విసర్జించేది కూడా ఇసుకే. బెర్ముడాలో చిలుక చేపను పట్టడం నిషేధం. దక్షిణపు గాలి ఉంటే చర్చ్ బేలో దిగొద్దు, అలలు మిమ్మల్ని దిబ్బకేసి కొడతాయి.

8. తూర్పు కొస

దక్షిణాన అలలున్న రోజు సెయింట్ జార్జ్ వైపు. 1609 జులైలో సీ వెంచర్ అనే ఇంగ్లిష్ ఓడ తుపానులో చిక్కి ఇక్కడి దిబ్బకు తగిలింది. అందులోని సుమారు 150 మందీ ఒడ్డుకు చేరారు. అక్కడే రెండు చిన్న ఓడలు కట్టుకుని మరుసటి ఏడు వర్జీనియాకు వెళ్ళిపోయారు. వాళ్ళు దిగిన చోటు కోట పక్కనున్న సెయింట్ కేథరిన్స్ బీచ్. 1612లో వెలిసిన సెయింట్ జార్జ్ పట్టణం 2000లో యునెస్కో జాబితాకెక్కింది. పట్టణం నుంచి నడిచిపోయే దూరంలోనే టొబాకో బే, నీళ్ళలోంచి లేచిన సున్నపురాతి స్తంభాల మధ్య ఈదొచ్చు. స్నార్కెల్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ళ అడుగు చూడడం) మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు బాగుంటుంది, ఓడ రోజు తప్ప.

కూపర్స్ ఐలాండ్‌కు మాత్రం పూట కేటాయించండి. నాసా ఒకప్పుడు రాకెట్లను కనిపెట్టుకుని ఉండే స్టేషన్ ఇక్కడుండేది, ఆ స్థలం ఇప్పుడు ప్రకృతి సంరక్షణ ప్రాంతం. ముందు క్లియర్‌వాటర్, టర్టిల్ బీచ్‌లు వస్తాయి, గేటు దాటి నడిస్తే జనం తగ్గుతూ పోతారు. ఎదురుగా కాసిల్ హార్బర్ నోటిలో చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి. కహౌ అనే సముద్రపు పక్షి మూడొందల ఏళ్ళకు పైగా అంతరించిందనే అనుకున్నారు. 1951లో అక్కడి రాతి సందుల్లో కొన్ని గూళ్ళు బయటపడ్డాయి. అప్పుడు వెంట ఉన్న పదిహేనేళ్ళ కుర్రాడు డేవిడ్ వింగేట్ తర్వాత జీవితమంతా దాన్ని బతికించే పనికే ఇచ్చేశాడు. ఆ దీవుల్లోకి మామూలుగా అడుగు పెట్టనివ్వరు, ఇవతలి నుంచి చూడడమే.

9. ఇసుక లేని తీరం

ఒక సాయంత్రం స్పిటల్ పాండ్‌కు. పక్కన చెరువు, ఇటు కొండ అంచు, మధ్యలో బాట. 1543 అని చెక్కిన రాయి అక్కడుంది, ఓడ పగిలి చిక్కుకున్న పోర్చుగీసు నావికులు చెక్కారంటారు, ఇప్పుడు కనబడేది కంచు అచ్చు. 1846 నాటి గిబ్స్ హిల్ లైట్‌హౌస్ ఇనుముతో పోతపోసినది. తెరిచి ఉంటే 185 మెట్లెక్కండి, దక్షిణ తీరం దిబ్బలన్నీ పైనుంచి ముదురు మచ్చలుగా కనబడతాయి. 1931 నుంచి 1948 వరకు నడిచిన రైలు దారిని కాలిబాటగా మార్చారు, ఉత్తర తీరం భాగాలు సాయంత్రం నడకకు బాగుంటాయి.

10. నీళ్ళలో జాగ్రత్త

లైఫ్‌గార్డులు వేసవిలో, కొన్ని బీచ్‌లలోనే ఉంటారు. జెండాలు చూడండి, ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే ప్రవాహం) లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడ్డాక వెనక్కి రండి. ఈత రాకపోతే నడుము లోతు దాటొద్దు. చీర, కాటన్ చుడీదార్ తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి, నిండుగా కప్పే ఈత దుస్తులు తీసుకెళ్ళండి. ఎండకూ అవే మంచివి.

ఒడ్డున నీలం, ఊదా రంగు బుడగలు కనిపిస్తే తాకకండి. అవి పోర్చుగీస్ మాన్ ఓ వార్ అనే జెల్లీఫిష్‌లాంటి జీవులు, చచ్చి ఎండినా తంతువులు కుడతాయి. కొన్ని రోజులు వరసగా ఒడ్డు వైపు గాలి వీచాక ఎక్కువ కొట్టుకొస్తాయి. కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు. సముద్రపు నీళ్ళతో కడిగి, తంతువులు చిమ్టాతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఉంచండి. ఊపిరి ఆడకపోతే, వాంతులైతే 911. దిబ్బల మీద నిలబడొద్దు, పగడం చచ్చిపోతుంది, మీ కాలూ కోసుకుంటుంది.

11. తిరుగు ప్రయాణం

అమెరికా వెళ్ళేవాళ్ళకు ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ బెర్ముడా విమానాశ్రయంలోనే అయిపోతాయి. అందుకే రెండున్నర, మూడు గంటల ముందుండాలి. న్యూయార్క్‌లో దిగాక మాత్రం దేశీయ ప్రయాణికుల్లా నేరుగా బయటికి రావచ్చు. విమానం సాయంత్రమైతే ఆ పొద్దున క్లియర్‌వాటర్ బీచ్‌కు ఉంచుకోండి, విమానాశ్రయానికి టాక్సీలో దగ్గరే. సామాను హోటల్లోనే వదిలి, స్నానానికి తిరిగి వెళ్ళేంత టైము మిగుల్చుకోండి. మిగిలిన పళ్ళు డబ్బాలో ఉంటే క్యూలోకి వెళ్ళక ముందే తినేయండి.